వార్సా రాజప్రాసాదము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. శత్రువు మందుపాతర పెట్టి నేలమట్టము చేసిన ఇంటిని, ఏ గుమ్మము ఏ దిక్కున ఉండెనో, ఏ కప్పు మీద ఏ బొమ్మ వ్రాసి యుండిరో వెదకి కనుగొని, ముప్పది యేండ్ల తరువాత మరల కట్టి చూడుమని మాత్రము వారనలేదు. అది మనుష్యమాత్రుల వలన అగు పని యని వారికి తోచి యుండదు. పోలెండు దేశస్థులు ఆ పని చేసినారు. వారి రాజధానియైన వార్సా నగరములోని రాజప్రాసాదము కథను ఈ ఉగాది సంచిక మూలముగా మన సంఘ కుటుంబములకు మనవి చేయదలచినాము.

మేము పోలెండు చూడలేదు. రైల్వే గుమాస్తాకు పాసు ఎంత దూరమునకు ఇచ్చినను అది సముద్రము దాటించదు గదా. గ్రంథాలయములో దొరికిన పుస్తకములు, పటములు, ఫొటోలు చూచి, తెలిసినంత మట్టుకు వ్రాయుచున్నాము. ఆ దేశపు పేర్లు నోరు తిరుగనివి. వాటిని మన లిపిలో పలుకుటకు వీలైనట్లు వ్రాసినాము. చదువరులు మన్నింతురు గాక.

వార్సా నగరము విస్తులా నది పడమటి గట్టున ఉన్నది. నది ఒడ్డు నుండి నేల ఒక్కసారిగా లేచి మిట్టగా ఏర్పడినది. ఆ మిట్ట అంచున, పాతబస్తీ మొదట, ఈ ప్రాసాదము నిలిచి యున్నది. ఊరి వైపు నుండి వచ్చువారికి మొదట కనబడునది ఎర్రని చాయగల పొడవైన గోడ. దాని నడుమ 60 మీటర్ల ఎత్తున గడియారపు గోపురము. గోడ మీద చెక్కడపు పని ఎక్కువ లేదు. కిటికీలు వరుసగా, పొందికగా ఉండును. రాజుగారి ఇల్లని గర్వము చూపుటకంటె కచేరీ యని మర్యాద చూపునట్లుగా ఉండునని మాకు తోచినది. ఎదుట విశాలమైన చౌకు. చౌకులో పొడవాటి స్తంభము మీద ఒక చేత శిలువ, ఒక చేత కత్తి పట్టిన మూడవ జిగ్మంటు రాజు విగ్రహము. దానిని 1644లో ఆయన కుమారుడు నాలుగవ వ్లదిస్లావు నెలకొల్పినాడు.

లోపలికి పోయినచో నడుమ ఒక పెద్ద ముంగిలి, దాని చుట్టును అయిదు వైపుల భవనపు శాఖలు. మన మండువా లోగిలికి నాలుగు వైపుల వసారాలుండును. ఇది అయిదు మూలల మండువా యనుకొనవచ్చును. నలుచదరముగా కట్టక అయిదు మూలలుగా ఎందుకు కట్టినారనగా, మిట్ట అంచు వంపు తిరిగి యున్నది, పూర్వపు కట్టడములు అక్కడక్కడ నిలిచి యున్నవి. వాటిని పడగొట్టక కలుపుకొని పోయినందున ఆ ఆకారము వచ్చినది.

ఆ పూర్వపు కట్టడములు మజోవియా అను చిన్న రాజ్యమును ఏలిన ప్రభువులవి. 14వ శతాబ్దములో వారిక్కడ ఇటుకలతో ఒక బురుజు కట్టినారు. 15వ శతాబ్దము మొదట దాని చెంతనే పెద్ద చావడి వెలసినది. 1526లో ఆ వంశము అంతరించగా మజోవియా పోలెండు రాజ్యములో కలిసిపోయినది. 1569లో పోలెండును లిథువేనియాయు ఏక రాజ్యమైనవి. ఇరు దేశముల ప్రతినిధులు కూడుటకు వార్సా నడిమి ఊరుగా ఉండుట చేత, సెయిమ్ అను శాసనసభ అక్కడ సమావేశమగుట ఆరంభించినది. అప్పటి రాజు జిగ్మంటు అవుగుస్తు ఇటలీ దేశపు శిల్పిని పిలిపించి పాత చావడిని సభకు అనువుగా మార్పించినాడు. 1595లో క్రాకోవు నగరములోని వావెల్ కోట కొంత భాగము కాలిపోయినది. స్వీడను రాజవంశపు బిడ్డయైన మూడవ జిగ్మంటు ఆ తరువాత వార్సాకే మకాము మార్చినాడు. రాజధాని మార్పునకు పెద్ద ఫర్మానా ఏమియు లేదు. రాజు వచ్చినాడు, ఆయన వెంట దఫ్తరములు వచ్చినవి, దఫ్తరముల వెంట ఊరు పెరిగినది. 1598 నుండి 1619 వరకు ఆయన కట్టించినదే నేటి అయిదు శాఖల ఆకారము. గడియారపు గోపురము ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

ఇక్కడ ఒక విశేషము గమనించదగినది. ఇతర దేశములలో రాజు ఇల్లు వేరు, సభ కూడు చోటు వేరు. వార్సాలో రెండును ఒక్క కప్పు క్రింద ఉండెను. పోలెండులో రాజులను పెద్దమనుష్యులు కూడి ఎన్నుకొనెడివారు. కొడుకునకు తండ్రి సింహాసనము సొంత ఆస్తివలె సంక్రమించుట లేదు. అందువలన ఈ ప్రాసాదము ఒక వంశము వారి ఇల్లు కాక, రాజ్యమంతటికి చావడిగా ఎంచబడినది. తరువాతి కాలమున శత్రువులు దీనినే గురి చూచి కొట్టుటకు కారణమిదియే.

1655, 1656 సంవత్సరములలో స్వీడను సైన్యము దోచుకొని పోయినది. 1741 నుండి 1746 వరకు సాక్సనీ నుండి వచ్చిన మూడవ అవుగుస్తు నది వైపు శాఖను క్రొత్త వన్నెతో కట్టించినాడు. చౌకు వైపు గోడ ఎంత నిరాడంబరమో నది వైపు ముఖము అంత అలంకృతము. ఒకే ఇంటికి వీధి గుమ్మము ఒక తీరున, పెరటి గుమ్మము ఒక తీరున ఉన్నట్లుండును. ఐతే ఇక్కడ పెరటి వైపే సొగసు ఎక్కువ.

ప్రాసాదము లోపలి గదులకు కీర్తి తెచ్చినవాడు పోలెండు కడపటి రాజు స్తనిస్లావ్ అవుగుస్తు పొన్యాతోవ్‌స్కీ. 1764 నుండి 1795 వరకు ఏలినాడు. రాజ్యము నిలుపుకొనుటలో ఆయన చేత కాలేదు గాని, కళలయందు అభిరుచి గలవాడని అందరును ఒప్పుకొందురు. మెర్లీని, కామ్సెత్సర్ అను వాస్తుశిల్పులను, బచ్చారెల్లి అను చిత్రకారుని పెట్టి గది వెంట గది తీర్పించినాడు. వీటన్నిటిలో పెద్దది మహాసభామందిరము. గోడల పొడుగున జంటలు జంటలుగా బంగారు పూత పూసిన స్తంభములు, పైకప్పునకు బచ్చారెల్లి వ్రాసిన మహాచిత్రము. ఆ చిత్రములో అయోమయమై యున్న సృష్టికి దేవుడు ఒక క్రమము కల్పించుచుండును. దాని ప్రక్క గదిని వీరుల మందిరమందురు. అందులో పోలెండు చరిత్రలోని ఘట్టములు చిత్రములుగా ఉన్నవి. నడుమ కాలపురుషుడు తెల్లని రాతి విగ్రహమై, ఒక గోళమును భుజముల మీద మోయుచు వంగి నిలిచి యుండును. ఆ గోళమే గడియారము. పాలరాతి గదిలో ఇరువది యిద్దరు రాజుల చిత్తరువులు వరుసగా ఉన్నవి.

మరియొక గదికి కనలెత్తో గది యని పేరు. వెనీసు నగరమునుండి వచ్చిన బెర్నార్దో బెల్లొత్తో అను చిత్రకారుడు తన మేనమామ కనలెత్తో పేరును తానును వాడుకొనెను. ఆయన వార్సా వీధులను, ఇండ్లను, చర్చీలను చూచి చూచినట్లు వ్రాసినాడు. ఆయన వ్రాసిన 22 చిత్రములు ఆ గది గోడలను నింపుచున్నవి. ఏ మేడకు ఎన్ని కిటికీలో, ఏ దుకాణము ముందు ఏ అరుగుండెనో ఆ చిత్రములలో లెక్కించవచ్చును. రాజు వాటిని అందము కొరకే వ్రాయించి యుండును. ఇన్నూరేండ్లకు దగ్గరగా గడచిన తరువాత నేలమట్టమైన వీధులను తిరిగి కట్టు మేస్త్రీలు వాటిని నమూనాగా పెట్టుకొందురని ఎవరనుకొన్నారు? ఆ చిత్రములను ఒకసారి రష్యావారు, ఒకసారి జర్మనులు పట్టుకొని పోయినారు. రెండు సారులును అవి తిరిగి ఊరు చేరినవి.

1791వ సంవత్సరము మే 3వ తేదీన ఈ ప్రాసాదములోని సభామందిరములో పోలెండు తన రాజ్యాంగమును ఆమోదించినది. ఐరోపా ఖండములో వ్రాతమూలకమైన ఆధునిక రాజ్యాంగములలో అది మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. అమెరికా రాజ్యాంగము దానికి కొలది యేండ్లు మాత్రమే ముందు. ఆ దినమున సభ్యులు ప్రాసాదము నుండి దగ్గరనున్న సెయింట్ జాన్ చర్చికి ఊరేగింపుగా పోయినారు. ఆ దృశ్యమును యాన్ మతేయ్‌కో అను ప్రసిద్ధ చిత్రకారుడు నూరేండ్ల తరువాత పెద్ద తైలచిత్రముగా వ్రాసినాడు. అది నేడు ప్రాసాదములోనే ఉన్నది. కాని ఆ రాజ్యాంగము రెండేండ్లైనను నిలువలేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా అను మూడు పొరుగు రాజ్యములు పోలెండును ముక్కలు చేసి పంచుకొన్నవి. 1795లో మూడవ పంపకముతో ఆ దేశము పటము మీద లేకుండ పోయినది. మరల 1918లోనే అది తలయెత్తినది. ఆ 123 ఏండ్లలో ఎక్కువ కాలము ప్రాసాదములో రష్యా చక్రవర్తి ప్రతినిధులు కాపురమున్నారు. 1831 జనవరిలో మాత్రము పోలెండు సభ ఇక్కడనే కూడి, జారు నికొలాసు తమకు రాజు కాడని తీర్మానము చేసినది. ఆ తిరుగుబాటు అణగద్రొక్కబడినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రష్యా తీసికొనిపోయిన సొత్తు కొంత సంధి షరతుల ప్రకారము తిరిగి వచ్చినది. 1926 నుండి దేశాధ్యక్షుడు మొష్చిత్స్కీ ఇక్కడ నివసించినాడు. గదులను బాగు చేసి, పాత సామాను ఎక్కడిదక్కడ సర్దుచుండగనే రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి పడినది.

1939 సెప్టెంబరు 17వ తేదీన జర్మను ఫిరంగులు ప్రాసాదమును గురిపెట్టి కొట్టినవి. కప్పులు, గోపురములు అంటుకొన్నవి. ఉదయము 11 గంటల 15 నిమిషములకు గోపురపు గడియారము ముండ్లు ఆగిపోయినవి. మహాసభామందిరపు కప్పు కూలి, బచ్చారెల్లి మహాచిత్రము నశించినది. ప్రాసాద రక్షణాధికారి కజిమియెజ్ బ్రోక్ల్ ఆనాడే గుండ్లకు బలియైనాడు. జాతీయ వస్తుప్రదర్శనశాల అధిపతి స్తనిస్లావ్ లోరెంత్స్ తన మనుష్యులతో మంటలలోనుండి చిత్రములను, విగ్రహములను, సామానును మోసి బండ్లకెత్తించినాడు. కాలపురుషుని గడియారము అట్లు దక్కినదే.

నగరము జర్మనుల వశమైన తరువాత జరిగినది యుద్ధము కాదు, పగ. వార్సాను ఒక చిన్న జర్మను పట్టణముగా మార్చవలెనని నాజీలు ప్లాను గీసినారు. అందులో ఈ ప్రాసాదమునకు చోటు లేదు. గోడలకు మందుగుండు దట్టించుటకు వేలకొలది రంధ్రములు తొలిపించినారు. నేల పలకలు, పాలరాయి, తలుపులు ఊడబీకి తరలించినారు. సింహాసనము వెనుక తెర మీద వెండి జరీతో కుట్టిన గ్రద్దల గుర్తులను సహితము కోసికొని పోయినారు. గ్రద్ద పోలెండు రాజచిహ్నము.

ఆ ఊడబీకుడు పని జరుగుచుండగనే పోలెండు పనివారు, శిల్పులు, పండితులు మరియొక పని చేసినారు. పొయ్యి గూటి చట్రమొకటి, సున్నపు పూవొకటి, తలుపు రెక్క యొకటి, రంగు పెచ్చు ఒకటి - చేతికందినది అందినట్లు తీసి, జాతీయ ప్రదర్శనశాలకు చేర్చి దాచినారు. పట్టుబడినచో ఏమగునో వారికి తెలియును. ఆ దినములలో వార్సా వీధులలో మనుష్యులను గోడకు నిలబెట్టి కాల్చుట నిత్యకృత్యము. పిడికెడు సున్నపు పెచ్చు కొరకు ప్రాణము ఒడ్డుట ఏమి వెఱ్ఱి యని అడుగువారుందురు. మాకు మాత్రము అది వెఱ్ఱిగా తోచలేదు. గోదాములో సరకు దగ్ధమైనను స్టాకు రిజిస్టరు దక్కినచో, పోయినదేదో, ఎంతయో చెప్పగలము. రిజిస్టరే పోయినచో సరకు ఉండెననుటకే దాఖలా లేదు. ఆ పెచ్చులు వారికి రిజిస్టరు వంటివి.

1944 ఆగస్టు 1వ తేదీన వార్సా ప్రజలు జర్మనుల మీద తిరుగబడినారు. రెండు నెలల పోరాటము తరువాత ఓడిపోయినారు. ఆ పోరాటము నడుమనే, సెప్టెంబరు నెలలో, ముందు తొలిచి యుంచిన ఏర్పాటు ప్రకారము ప్రాసాదమును పేల్చివేసినారు. అయిదు శాఖలలో నిలిచినది చెప్పుకొనదగినంత ఏమియు లేదు. పాత బురుజు మొదలు కొంత, అక్కడక్కడ గోడ తునకలు మిగిలినవి. స్తెఫాన్ జెరోమ్‌స్కీ అను సుప్రసిద్ధ రచయిత తన చివరి దినములు ఈ ప్రాసాదములోనే గడపి 1925లో చనిపోయినాడు. ఆయన గది కిటికీ ఉన్న గోడ తునక మాత్రము నిలువుగా మిగిలిపోయినది. నది వైపున 19వ శతాబ్దములో కుబిత్స్కీ అను శిల్పి కట్టిన కమానుల వరుసకు పెద్ద దెబ్బ తగులలేదు. జిగ్మంటు స్తంభము కూడ ఆ సంవత్సరమే కూలినది. రాజు విగ్రహము మాత్రము దక్కినందున 1949లో క్రొత్త స్తంభము మీద ఎక్కించినారు.

1949లోనే ప్రాసాదమును తిరిగి కట్టవలెనని సెయిమ్ తీర్మానించినది. ప్లానులు గీసినారు, పోటీలు పెట్టినారు. పని మాత్రము మొదలు కాలేదు. పాతబస్తీ ఇండ్లన్నియు లేచినవి. రాజప్రాసాదమున్న చోట మాత్రము మైదానము. కమ్యూనిస్టు ప్రభుత్వపు నాయకుడు గొముల్కాకు ఈ పని మీద మనసు లేదు. 1970 డిసెంబరులో సముద్రతీరపు పట్టణములలో ధరలు పెరిగినవని కార్మికులు లేచిరి. సైన్యము కాల్పులు జరిపినది. గొముల్కా గద్దె దిగినాడు. క్రొత్తగా వచ్చిన గియెరెక్ ప్రభుత్వము 1971 జనవరి 20వ తేదీన ప్రాసాద నిర్మాణమును ప్రకటించినది. నెత్తురు ఆరక ముందే చేసిన ఆ ప్రకటన జనుల మనసు చల్లార్చుటకేనని చాలమంది అనుకొన్నారు; అందులో నిజము లేకపోలేదు. ఐనను జనులు ఆ ప్రభుత్వము ముఖము చూచి ఇయ్యలేదు. చౌకులో పెట్టిన హుండీలో పిల్లలు చిల్లర వేసినారు. ఆడవారు నగలు ఇచ్చినారు. సెలవు దినములలో వచ్చి ఊరికే రాళ్లు మోసినవారు ఎందరో. దేశాంతరములలో స్థిరపడిన పోలులు, ఆ ప్రభుత్వమును గిట్టనివారు సైతము, చందాలు పంపినారు. తాము తిరిగి పోయి కాపురముండబోవని ఊరిలోని ఇంటికి వారెందుకు సొమ్ము పంపినారో ఈ సంచిక చదువు కుటుంబములకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

అట్లు చెదరిపోయిన పోలులలో కొన్నివేల మంది మన దేశములో, అందులోను మహారాష్ట్రములో, కొంతకాలము తలదాచుకొన్నారన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. మీరజు నుండి కొల్హాపురము పోవు రైలుమార్గములో, కొల్హాపురము చేరుటకు కొంచెము ముందు వళివడే అను చిన్న స్టేషను తగులును. 1943 నుండి 1948 వరకు అక్కడ సుమారు 5,000 మంది పోలుల శిబిరముండెను. సోవియట్లు తూర్పు పోలెండునుండి సైబీరియాకు, కజకిస్తానుకు తోలిన కుటుంబములవి. ఇరాను మీదుగా ఇక్కడికి చేరినవి. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. శిబిరములో బడులు నడపుకొన్నారు, చర్చి పెట్టుకొన్నారు, తమ నాటకములు తాము ఆడుకొన్నారు. వారు వెళ్లిన తరువాత అదే చోట సింధు దేశము విడిచి వచ్చిన కాందిశీకులు కాపురము పెట్టినారు. గుజరాతములో జామ్‌నగరు మహారాజు దిగ్విజయ సింహుడు బాలాచడిలో పోలిష్ అనాథ బాలురను, బాలికలను తన బిడ్డలవలె పోషించినాడు. వార్సాలో ఒక చిన్న చౌకునకు “మంచి మహారాజు” చౌకని పేరు పెట్టి వారు ఆ ఋణమును గుర్తు చేసికొన్నారు.

నిర్మాణపు పని సంగతి చెప్పవలెను. శిథిలములు జల్లెడ పట్టి చెక్కడపు రాళ్లు ఏరినారు. అవి ఏ కిటికీ మీదివో, ఏ గుమ్మము మీదివో గుర్తించి, క్రొత్త గోడలలో వాటి వాటి చోట ఇమిడ్చినారు. జెరోమ్‌స్కీ కిటికీ ఉన్న గోడ తునకను కదల్చక దాని చుట్టును క్రొత్త గోడ లేపినారు. ప్రదర్శనశాలలో దాచిన సున్నపు పూలను అచ్చుగా పెట్టుకొని మిగిలిన పూలు పోత పోసినారు. మహాసభామందిరపు కప్పు చిత్రమునకు ఫొటోలు తప్ప వేరు ఆధారము లేదు. ఆ ఫొటోలు చూచి చిత్రకారులు దానిని మరల వ్రాసినారు. సింహాసనపు గ్రద్దలలో ఒకటి అమెరికాలో బయటపడగా, దానిని చూచి తక్కినవి చేతితో కుట్టినారు.

ఇట్లు కట్టినది పాత ప్రాసాదమా, పాతదాని వేషమా? పోలెండులోనే ఈ వాదము జరిగినది. ఎంత నేర్పుగా చేసినను నకలు నకలే యని, శిథిలములను శిథిలములుగా ఉంచుటయే నిజాయితీ యని కొందరి మతము. వారి మాటలో పస ఉన్నది. అదియును గాక, కట్టినవారు 1939 నాటి భవనమును అచ్చముగా కట్టలేదు. జిగ్మంటు కాలపు గోడలు, సాక్సను కాలపు నది ముఖము, స్తనిస్లావు కాలపు గదులు - తమకు గర్వకారణమైనవి ఏరుకొన్నారు. రష్యను అధికారుల కాలపు మార్పులను చాలవరకు విడిచిపెట్టినారు. చరిత్రను ఇట్లు ఏరుట సబబు కాదని మేమును అనుకొందుము. పరాయి వాడు కాపురమున్న నూరేండ్లు కూడ ఆ ఇంటి చరిత్రయే గదా. కాని నకలు అను మాట మాత్రము మాకు మింగుడు పడలేదు. ఆ ఇల్లు ఏ కాలమునను ఒక్క చేతి పని కాదు. ప్రభువులు కట్టినదానిని రాజులు మార్చినారు, స్వీడనువారు దోచినదానిని సాక్సనులు తీర్చినారు. ఆ వరుసలో ఈసారి కట్టినవారు జనులు. పైగా ఈ మేస్త్రీలలో కొందరు పాత గదులలో స్వయముగా తిరిగినవారు, మంటలలోనుండి సామాను మోసినవారు. లోరెంత్స్ పునర్నిర్మాణమునకు తన చివరి దశ వరకు పాటుపడినాడు.

1974 జూలై 19వ తేదీన ఉదయము 11 గంటల 15 నిమిషములకు, ఆగిన నిమిషము నుండియే, గోపురపు గడియారమును నడిపించినారు. లోపలి గదులు తీర్చి జనులకు తలుపులు తెరచుటకు 1984 వరకు పట్టినది. 1980లో వార్సా పాతబస్తీని ప్రపంచ వారసత్వ స్థలముగా యునెస్కో గుర్తించినది.

నేడు ఈ ప్రాసాదములో ఎవరును కాపురముండరు. అది జాతీయ వస్తుప్రదర్శనశాల. మహాసభామందిరములో సంగీత కచేరీలు జరుగును. ఏటేట బడిపిల్లలు ఉపాధ్యాయుల వెంట వచ్చి రాజ్యాంగము ఆమోదించిన గది చూచి పోవుదురు. కుబిత్స్కీ కమానులను 2009 నాటికి బాగు చేసి, సభలకు, ప్రదర్శనలకు వాడుచున్నారు. ప్రతి దినమును 11 గంటల 15 నిమిషములకు గోపురము నుండి బాకా ఊదుదురు. ప్రభుత్వపు ముఖ్యోత్సవములకు, పరదేశాధిపతుల స్వాగతమునకు ఇదే వేదిక. 2022 మార్చి 26న అమెరికా అధ్యక్షుడు బైడెను యుక్రెయిను యుద్ధమును గురించి ప్రసంగించినది ఈ ముంగిటిలోనే.

ఈ వేడుకలన్నిటిలో మా మనసునకు హత్తుకొన్నది 1990 డిసెంబరు 22వ తేదీ నాటిది. 1939లో దేశము విడిచిన పోలెండు ప్రభుత్వము ఫ్రాన్సు మీదుగా లండను చేరినది. 1945లో ఇంగ్లండు, అమెరికాలు దానిని గుర్తించుట మానుకొన్నవి. ఐనను వారు మూటాముల్లె సర్దుకొనలేదు. ఒక అధ్యక్షుడు పోయిన మరియొక అధ్యక్షుని నిలుపుకొనుచు, పరాయి ఊరిలో ఒక ఇంటిలో కూర్చుండి, ఎవరును చదువని ఉత్తర్వులు వ్రాసికొనుచు 45 ఏండ్లు గడపినారు. లోకము నవ్వినది. 1990లో లేహ్ వలేసా ప్రజల ఓట్లతో అధ్యక్షుడైనాడు. అప్పుడు లండను అధ్యక్షుడు కచొరోవ్‌స్కీ విమానమెక్కి వచ్చి, 1939కి ముందటి అధ్యక్ష పతాకమును, రాజముద్రలను, 1935 నాటి రాజ్యాంగపు అసలు ప్రతిని ఈ ప్రాసాదములో వలేసా చేతికి అప్పగించినాడు. చార్జి ఇచ్చుట, పుచ్చుకొనుట మా ఆఫీసులలో నిత్యము జరుగు పనియే. అర్ధ శతాబ్దము ఆలస్యముగా, ఒక్క కాగితము తక్కువ కాకుండ చార్జి అప్పగించిన సంగతి మేము వేరెక్కడను వినలేదు.

అట్లే 1994లో కరొలీనా లాంత్స్‌కొరోన్‌స్కా అను వృద్ధురాలు తమ వంశము వారు కూర్చిన చిత్రములను ప్రాసాదమునకు దానము చేసినది. ఆమె చరిత్రాచార్యురాలు, యుద్ధములో జర్మనుల నిర్బంధ శిబిరములో ఉండి బ్రతికి బయటపడినది, తరువాత రోములో స్థిరపడినది. ఆ చిత్రములలో రెండు హాలండు దేశపు రెంబ్రాంటు వ్రాసినవి. ఒకటి చట్రములోనుండి తొంగిచూచుచున్న పడుచుది, రెండవది వ్రాతబల్ల ముందు కూర్చున్న పండితునిది. రెండును ఒకప్పుడు స్తనిస్లావ్ రాజు కొన్నవే. ఆయన తదనంతరము అమ్ముడుపోయి ఆ వంశము వారి చేతికి వచ్చినవి. అవి నిజముగా రెంబ్రాంటు చేతివేనా యని కొందరు పండితులు సందేహించినారు. 2006లో పరీక్షలు చేసి ఆయనవే యని తేల్చినారు. ఆమె 104 ఏండ్లు జీవించి 2002లో రోములో కాలధర్మము చెందినది. చిత్రములు ప్రాసాదములో ఉన్నవి.